నీ స్క్రిప్టులో ఆ పద్దెనిమిది పేజీలు

చిట్టి తల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మొదటిసారి మా పిల్ల రాసిందన్న మురిపెంతో చదివాను. రెండోసారి ముప్ఫై ఏళ్లు ఎడిటింగ్ రూములో కూర్చున్నవాడిగా, ఎర్ర పెన్ను చేతిలో పట్టుకుని చదివాను. నూట నలభై పేజీలు తల్లీ! డబ్బు ఎవరు పెడతారన్న మాట అలా ఉంచు, అంత పెద్ద సినిమా మోయడానికి నీ భుజాలు ఇంకా అలవాటు పడలేదు.

ఉద్యోగం మానేసి ఫిల్మ్ స్కూల్లో చేరాలా, ఇరవై తొమ్మిదేళ్లు వచ్చేశాయి, ఆలస్యమైపోయిందా అని మొన్న ఫోన్లో ఒకటే టెన్షన్ పడ్డావు. సెనెగల్ దేశపు ఉస్మాన్ సెంబెన్ కథ వింటే ఆ టెన్షన్ సగం తగ్గుతుంది. ఆయన 1923లో జిగిన్‌షోర్ అనే ఊళ్లో ఒక జాలరి ఇంట పుట్టాడు. బడి మధ్యలోనే ఆగిపోయింది. తాపీ పని చేశాడు, మెకానిక్ పని చేశాడు, యుద్ధకాలంలో ఫ్రెంచి సైన్యంలో పనిచేశాడు. తర్వాత ఫ్రాన్స్ వెళ్లి మార్సెయ్ రేవులో ఓడల సరుకు మోశాడు. అక్కడే ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతింది. చదువంతా యూనియన్ లైబ్రరీలోనే. 1956లో మొదటి నవల వచ్చింది, మంచి పేరూ వచ్చింది.

అక్కడితో ఆగినా ఆయన పెద్ద రచయితే. కానీ 1960లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక తిరిగొచ్చి చూస్తే, తను ఎవరి గురించి రాశాడో వాళ్లలో చాలామందికి చదవడం రాదు. పుస్తకాలేమో ఫ్రెంచిలో. అందుకని నలభైకి దగ్గర పడ్డ వయసులో మాస్కో వెళ్లి, గోర్కీ ఫిల్మ్ స్టూడియోలో దర్శకుడు మార్క్ దోన్‌స్కోయ్ దగ్గర ఒక ఏడాది పాటు సినిమా నేర్చుకున్నాడు. కాబట్టి స్కూల్లో చేరతావా లేదా అన్నది తర్వాత చూద్దాం. ఎవరికి చూపించడానికి తీస్తున్నావో ముందు తేల్చుకో. ఆయనకు అది తెలుసు గనక ఏడాది చదువు సరిపోయింది. నాకు తెలియక పదేళ్లు చదివినా సరిపోలేదు.

1963లో ఆయన తీసిన ‘బొరోమ్ సారెత్’ సుమారు ఇరవై నిమిషాల సినిమా. ఆఫ్రికా వాళ్ల తొలి సినిమా అని చాలామంది రాస్తారు, నాకు ఆ పట్టింపు లేదు. నేను చెప్పేది దాని కొలత గురించి. సెనెగల్ రాజధాని డాకర్లో గుర్రబ్బండి తోలుకునే ఒక మనిషి, ఒక్క రోజు. అంతే. ఒకడు బండి ఎక్కుతాడు, దిగేటప్పుడు డబ్బుకు బదులు షేక్‌హ్యాండ్ ఇచ్చి పోతాడు. ఇంకొకడు చనిపోయిన పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని శ్మశానానికి వస్తాడు, కాగితాలు సరిగా లేవని గేటు దగ్గరే ఆపేస్తారు. చివరికి బండ్లు వెళ్లకూడని పెద్దవాళ్ల పేట ‘ప్లాటో’లో పోలీసు పట్టుకుంటాడు. కాగితాలు తీస్తుంటే బండివాడి మెడల్ కింద పడుతుంది. తీసుకుందామని వంగేసరికి పోలీసు బూటు దాని మీద ఉంటుంది.

ఎవరూ అరవరు. డైలాగు చెప్పి మనల్ని ఏడిపించరు. వంగిన చెయ్యి, బూటు, మెడల్. నేను ఎప్పుడో ఒక ఫిల్మ్ సొసైటీ షోలో చూశాను ఆ షాటు. షూటింగులో సౌండ్ తీసుకునే వసతి లేక మాటలు తర్వాత అతికించారు, అది తెలిసిపోతుంది కూడా. అయినా ఇన్నేళ్ల తర్వాత నాకు గుర్తున్నది ఆ బూటే.

ఇప్పుడు నీ స్క్రిప్టుకు వస్తాను. 61వ పేజీ నుంచి 78 వరకు పలాస జీడిపప్పు షెడ్డులో పనిచేసే ఆవిడ రేషన్ షాపుకు వెళ్లే సీను ఉంది చూశావూ, నీ సినిమా అదే. జీడిగింజల చమురుకు వేళ్లు నల్లబడి, చర్మం కాలి, మిషన్ వేలిముద్ర తీసుకోదు. చీరకొంగుతో తుడుచుకుంటుంది, కొబ్బరినూనె రాసుకుంటుంది, మళ్లీ పెడుతుంది. వెనక క్యూ పెరుగుతుంటుంది. దాన్ని అలాగే ఉంచు. ముందున్న ప్రేమకథా, వెనకున్న కోర్టు గొడవా తీసేయి. కోపం తెచ్చుకోకు.

ఇంకొకటి. ఆవిడ చేత నువ్వు టీవీ సీరియల్ తెలుగు మాట్లాడించావు. ‘ఇప్పుడు మనం ఏం చేయాలి?’ అంటుందా పలాస మనిషి? ‘ఏటి సేత్తాం’ అనదూ? సెంబెన్‌కూ ఇదే ముల్లు గుచ్చుకుంది. 1966లో తీసిన ‘లా న్వార్ ద’ సినిమాలో ఫ్రాన్స్‌కు పనిమనిషిగా వెళ్లిన డాకర్ అమ్మాయి మనసులో మాటలు కూడా ఫ్రెంచిలోనే వినిపిస్తాయి. దానికి ఫ్రాన్స్ వాళ్లు సినిమాలకిచ్చే జ్యాఁ విగో బహుమతి వచ్చింది. అయినా 1968లో ‘మందబి’ని తన జనం మాట్లాడే వోలోఫ్ భాషలో తీశాడు. పారిస్‌లో ఉన్న మేనల్లుడు డాకర్లో ఉన్న ఒక పెద్దమనిషికి ఇరవై ఐదు వేల ఫ్రాంకుల మనీఆర్డర్ పంపిస్తాడు. అది తీసుకోవాలంటే గుర్తింపు కార్డు కావాలి, కార్డుకు పుట్టిన తేదీ కాగితం కావాలి, ఇక ఆ పెద్దమనిషి ఆఫీసుల చుట్టూ తిరుగుడే తిరుగుడు. మన మీసేవ ముందు నిలబడ్డవాడికి ఆ సినిమా విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ కథ కూడా ఆయన ముందు పుస్తకంగా రాసుకున్నదే. నువ్వూ సీన్లు విడగొట్టే ముందు కథ మొత్తం నాలుగు పేజీల్లో రాసి చూడు.

తీశాక అడ్డంకులు వస్తాయి. 1975లో ‘హాలా’ను సెన్సారు వాళ్లు కత్తిరిస్తే, పోయిన సీన్లలో ఏముందో కరపత్రాలు వేసి పంచాడాయన. 1977లో ‘సెద్దో’ను ఆపేశారు. పైకి చెప్పిన కారణం, పేరులో (Ceddo) ‘డి’ అక్షరం రెండుసార్లు రాయకూడదట! ఒక్క డి తీసేస్తే సరిపోయేది, ఆయన తీయలేదు. నా సంగతంటావా, నా మొదటి డాక్యుమెంటరీని ఒక ఆఫీసులో పదకొండేళ్లు బీరువాలో పడేశారు. నేను వెళ్లి టీ తాగి వచ్చేవాణ్ణి, ఎవర్నీ ఏమీ అనలేదు. నన్ను చూసి మాత్రం నేర్చుకోకు.

‘మూలాదే’ 2004లో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్లో బహుమతి తెచ్చుకునేనాటికి ఆయనకు ఎనభై దాటాయి. ఆడపిల్లల జననాంగం కోసే ఆచారానికి ఎదురుతిరిగిన పల్లెటూరి ఆడవాళ్ల కథ అది. 2007లో పోయాడు. ఇరవై తొమ్మిది గురించి ఇంకోసారి ఫోన్లో ఎత్తావంటే కట్ చేసేస్తాను.

ఉద్యోగం ఇప్పుడే మానకు. దసరా సెలవులకు పలాస వెళ్లు. మీ పిన్నత్త ఆ షెడ్డులోనే పనిచేస్తుంది కదా, ఆవిడకు ఆ పద్దెనిమిది పేజీలు చదివి వినిపించు. ఎక్కడ నవ్వుతుందో, ఎక్కడ ‘అలాగనం’ అంటుందో పేజీ పక్కన రాసుకో. ఆ కాపీ నాకు పంపు. ఎర్ర పెన్ను నువ్వే పట్టుకెళ్లు, నా దగ్గర ఇంకోటుంది.

మీ
పెదనాన్న