పరమాణువులు ఢీకొంటే సరిపోదు, ఆ శక్తి ఎక్కడికైనా పోవాలి

నక్షత్రాల మధ్య రెండు హైడ్రోజన్ పరమాణువులు ఢీకొని, అతుక్కుని అణువు అవుతాయా అని అడిగారు. ఢీకొంటాయి, కానీ అతుక్కోవు. ఇలాంటి చర్యలను ల్యాబ్‌లో చేసి చూసే గ్రూపులో కొన్నేళ్లు పనిచేశాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

బంధం ఏర్పడాలంటే దాదాపు 4.5 ఎలక్ట్రాన్ వోల్టుల (పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి బయటికి పోవాలి. పోకపోతే, నున్నటి బాణలిలోకి జారిన గోలీ అవతలి అంచు ఎక్కి బయటపడ్డట్టు, రెండూ మళ్లీ విడిపోతాయి. ఢీకొన్న క్షణం సెకనులో లక్ష కోట్లవ వంతు కూడా ఉండదు. హైడ్రోజన్ అణువు ఆ శక్తిని కాంతిగా వదలాలంటే రోజులు, వారాలు పడుతుంది. భూమ్మీదైతే పక్కనే ఇంకో అణువు తగిలి ఆ శక్తిని పట్టుకుపోతుంది. అక్కడి పలచటి మేఘాల్లో ఒక పరమాణువుకి ఇంకొకటి తగలడానికే ఏళ్లు పడుతుంది, ఇక మూడోది అదే క్షణంలో రావడం జరగని పని.

ఆ మూడో పాత్ర ధూళి కణాలది. మేఘం బరువులో అవి సుమారు 1 శాతమే. పరమాణువు కణం మీద వాలుతుంది, అటూ ఇటూ తిరుగుతుంది, రెండోది దొరికితే అణువై ఎగిరిపోతుంది. మిగులు శక్తిలో కొంత కణంలోకి దిగిపోతుంది. 1963లో గౌల్డ్, సాల్పీటర్ అనే శాస్త్రవేత్తలు ఈ లెక్క వేశారు. 1970లో కారూథర్స్ రాకెట్‌లో పంపిన అతినీలలోహిత పరికరంతో అంతరిక్షంలో హైడ్రోజన్ అణువును మొదటిసారి పట్టుకున్నారు.

ధూళి మీద ఇంకా పెద్ద అణువులు కూడా ఇలాగే పుడతాయా అని చూడటానికి, మా ప్రయోగంలో బంగారు పూత వేసిన రాగి పలకను 10 కెల్విన్ (సుమారు మైనస్ 263 డిగ్రీల సెల్సియస్) దగ్గరికి చల్లబరిచి, దాని మీద కార్బన్ మోనాక్సైడ్‌ను మంచుగా పేర్చి, హైడ్రోజన్ పరమాణువులు పంపేవాళ్లం. అసలు కష్టమంతా వాక్యూమ్‌తోనే. చాంబర్‌కి అల్యూమినియం ఫాయిల్ చుట్టి రోజుల తరబడి వేడి చేయకపోతే, గోడలకు అంటిన నీటి ఆవిరి వచ్చి పలక మీద పేరుకుంటుంది. తర్వాత పలకను మెల్లగా వేడి చేస్తే, 140 కెల్విన్ దగ్గర, ముక్కలను బరువును బట్టి వేరు చేసి చూపే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో 31 బరువు దగ్గర గీత లేస్తుంది. అది కార్బన్ మోనాక్సైడ్‌కు హైడ్రోజన్ చేరి తయారైన మిథనాల్ నుంచి వచ్చే ముక్క. అంత చలిలో చర్యకు అడ్డంగా ఉన్న శక్తి గోడను ఎక్కడం అసాధ్యం, హైడ్రోజన్ దాన్ని క్వాంటం టన్నెలింగ్‌తో, అంటే గోడ ఎక్కకుండానే అందులోంచి అవతలికి చేరి, దాటుతుంది. చదివిన సంగతే, కానీ తెర మీద ఆ గీత చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

అన్నీ ధూళి మీదే జరగవు. విశ్వకిరణాలు (అంతరిక్షంలో దూసుకొచ్చే అధిక శక్తి కణాలు) అయాన్లను, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులను, అణువులను పుట్టిస్తే, వాయువులోనే గొలుసు చర్యలు సాగి నీటి అణువు దాకా వెళ్తాయి. అయాన్, అణువు కలిసి రెండు ముక్కలుగా విడిపోతే శక్తిని ఆ రెండూ పంచుకుంటాయి.

మొదటి నక్షత్రాలు పుట్టకముందు ధూళే లేదు కదా అని మీకు సందేహం రావచ్చు. అప్పుడు హైడ్రోజన్ ముందు ఒక ఎలక్ట్రాన్‌ను పట్టుకుని రుణ అయాన్ అయ్యేది. దానికి ఇంకో హైడ్రోజన్ తగిలితే అణువు ఏర్పడి, ఎలక్ట్రాన్ మిగులు శక్తితో బయటికి పోయేది.