పని గంటలు తగ్గించుకుంటే క్లెయిమ్ దెబ్బతింటుందా?

ప్రశ్న

అమ్మా, నమస్తే. నాకు 42 ఏళ్లు. సొంతూరు కరీంనగర్ దగ్గర. 2006లో ఎం.ఎస్. చదవడానికి టెక్సస్ వచ్చాను. 2009లో ఉద్యోగాలు దొరకని రోజుల్లో ఆర్మీ వాళ్లు మావ్నీ అని కొత్త పథకం పెట్టారు. గ్రీన్‌కార్డు లేకపోయినా, కొన్ని భాషలు వచ్చినవాళ్లను తీసుకునేవారు. హిందీ వచ్చు కాబట్టి చేరాను. ట్రైనింగ్ అయ్యేసరికి సిటిజన్‌షిప్ వచ్చింది. 2011-12లో ట్రక్కు డ్రైవర్‌గా అఫ్గానిస్తాన్‌లోని కాందహార్‌లో ఉన్నాను. ఒకరోజు కాన్వాయ్‌లో మా ముందు బండి మందుపాతర మీద పేలిపోయింది. అందులో ఉన్నవాళ్లలో ఒకడు రోజూ నా పక్కన కూర్చుని భోంచేసేవాడు. ఇంతకంటే రాయలేను.

2014లో బయటికొచ్చాను. ఇప్పుడు డాలస్ దగ్గర ఒక పెద్ద కంపెనీలో ప్రొడక్షన్ సపోర్ట్ ఉద్యోగం, నాలుగేళ్లయింది. వారానికి 40 గంటలు, మూడు వారాలకోసారి రాత్రిళ్లు ఆన్‌కాల్. అర్ధరాత్రి ఫోన్‌లో అలర్ట్ మోగితే గుండె దడతో లేస్తాను, ఇక తెల్లారేదాకా నిద్ర పట్టదు. రోడ్డు మీద నల్ల చెత్తసంచి కనిపిస్తే లేన్ మార్చేస్తాను. మొన్న మీటింగ్‌లో ఒక కుర్రాడి మీద గట్టిగా అరిచాను. తర్వాత కారులో కూర్చుని ఏడ్చాను.

అయిదు నెలలుగా సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్తున్నాను. పీటీఎస్‌డీ అన్నారు, ఘోరమైన సంఘటన చూశాక మనసును వదలకుండా పట్టుకునే జబ్బట. కొన్నాళ్లు వారానికి 30 గంటలే పనిచేయమంటున్నారు. సర్వీసు వల్ల వచ్చిన జబ్బుకు నెలనెలా ఇచ్చే పరిహారం కోసం, రెండు నెలల కింద వీఏలో, అంటే ఇక్కడి మాజీ సైనికుల శాఖలో, డిజేబిలిటీ క్లెయిమ్ వేశాను. మూడు వారాల్లో సీ అండ్ పీ పరీక్షకు, అంటే క్లెయిమ్ తేల్చడానికి చేసే వైద్య పరీక్షకు, రమ్మన్నారు. ఒక ఫ్రెండ్ ఏమో 'క్లెయిమ్ తేలేదాకా కదలకు, ఇప్పుడు గంటలు తగ్గిస్తే డబ్బు కోసం నాటకం అనుకుంటారు' అంటున్నాడు. ఇంకొకడు 'ఉద్యోగమే మానేయ్, వంద శాతం ఇస్తారు' అంటున్నాడు. ఇంటి లోన్ ఉంది, ఊళ్లో అమ్మానాన్నలకు డబ్బు పంపాలి. వాళ్లకు ఇవేవీ తెలియవు. ఏం చేయమంటారు?

పేరు వద్దు, టెక్సస్

జవాబు

బాబూ, మీ డాక్టరు చెప్పినట్టు గంటలు తగ్గించుకోండి. ఈ వారమే ఆ పని మొదలుపెట్టండి. క్లెయిమ్ తేలేదాకా ఆగొద్దు. ఉద్యోగం మాత్రం మానేయొద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒక కౌంటీ వెటరన్స్ ఆఫీసులో 14 ఏళ్లు క్లెయిమ్ ఫైళ్లు సర్దే పని చేశాను. అక్కడ చేరిన కొత్తలో ఇరాక్ వెళ్లొచ్చిన ఒకాయన వచ్చాడు. గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. 'డాక్టరమ్మ కొన్నాళ్లు పని తగ్గించుకోమంటోంది, తగ్గించుకోనా?' అని అడిగాడు. 'తీర్పు వచ్చేదాకా ఎలా ఉన్నవాళ్లు అలా ఉండండి' అన్నాను. అలా చెప్పడం జాగ్రత్త అనుకున్నాను. తొమ్మిది వారాలు తిరిగేసరికి పనిచోట ఒకరితో కొట్లాట అయింది, ఉద్యోగం పోయింది. దాంతో ఇన్సూరెన్స్ పోయింది, ఇన్సూరెన్స్‌తో పాటే ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లడమూ ఆగిపోయింది. తీర్పు ఆ తర్వాత వచ్చింది, 50 శాతం. ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఒక్క మాట కూడా అనకుండా నిలబడ్డాడు. అప్పటి నుంచి ఎవరికీ 'ఆగండి' అని చెప్పలేదు.

ఇప్పుడు మీ మొదటి ఫ్రెండ్ భయం సంగతి. జబ్బు ఎంత తీవ్రమో చూసి వీఏ ఒక శాతం వేస్తుంది, దాన్నే రేటింగ్ అంటారు. మానసిక సమస్యలకు అది 0, 10, 30, 50, 70, 100 శాతాల్లో ఉంటుంది. ఆ జబ్బు లక్షణాలు మీ పనినీ, మనుషులతో మీ సంబంధాలనూ ఎంత దెబ్బతీస్తున్నాయన్నదే కొలత. అప్పుడప్పుడూ పనిలో వెనకబడితే 30. పని మీద నిలకడ తగ్గి, చేయగలిగింది తగ్గితే 50. పని, ఇల్లు, ఆలోచన, మనసు, ఇలా చాలా చోట్ల దెబ్బతింటే 70. పనీ, మనుషులతో మెలగడమూ రెండూ పూర్తిగా పోతే 100. వారానికి ఎన్ని గంటలు పనిచేస్తున్నారన్న లెక్క ఆ నిబంధనలో ఎక్కడా లేదు. 70 శాతం రేటింగ్ ఉండి పూర్తి ఉద్యోగం చేస్తున్నవాళ్లను నేను చూశాను, అందులో తప్పేమీ లేదు. కాబట్టి 40 గంటలు చేస్తే క్లెయిమ్ పోదు, 30 చేస్తే పెరిగిపోదు. అయితే డాక్టరు రాసిచ్చిన కారణంతో, తేదీతో గంటలు తగ్గాయంటే జబ్బు పనిని ఎలా దెబ్బతీస్తోందో చెప్పే నిజమైన ఆధారం అది. దాచాల్సిన పని లేదు, క్లెయిమ్‌లో పెట్టండి. నాటకం అనుమానం వచ్చేది డాక్టరు మాట, మీ మాట, ఆఫీసు కాగితాలు మూడూ మూడు రకాలుగా ఉన్నప్పుడే.

రెండో ఫ్రెండ్ చెప్పింది సగం విని చెప్పిన మాట. టీడీఐయూ అని ఒకటుంది. రేటింగ్ వంద లేకపోయినా, సర్వీసు వల్ల వచ్చిన జబ్బుతో ఏ ఉద్యోగంలోనూ నిలదొక్కుకోలేని వాళ్లకు వంద శాతం రేటు డబ్బు ఇస్తారు. దానికి సాధారణంగా ఒకే జబ్బుకు 60 శాతం ఉండాలి. లేదా కొన్ని కలిసి 70 ఉండి, అందులో ఒకటి 40 అయినా ఉండాలి. మీకింకా రేటింగే రాలేదు. పైగా సంపాదన కూడా చూస్తారు. ఒంటరి మనిషికి ప్రభుత్వం గీసిన పేదరికపు గీత ఏడాదికి దాదాపు 16 వేల డాలర్లు. అంతకు మించి సంపాదిస్తే, కుటుంబ వ్యాపారం లాంటి ప్రత్యేక రక్షణలో చేసే పని అయితే తప్ప, టీడీఐయూ కష్టం. ఐటీలో వారానికి 30 గంటలు చేసినా మీ జీతం ఆ గీతకు ఎంతో పైన ఉంటుంది. టీడీఐయూ అడిగితే మీ పాత యజమానికి కూడా ఫారం పంపి, ఎందుకు మానేశారని అడుగుతారు. డాక్టరు పని తగ్గించుకోమంటే మీరు పని మానేశారని ఆ కాగితాల్లో కనిపిస్తుంది. ఇక డబ్బు సంగతి. 2025 రేట్లలో భార్యాపిల్లల లెక్క కలపకుండా నెలకు 50 శాతానికి 1,102 డాలర్లు, 70కి 1,759, 100కి 3,831. వీటి మీద పన్ను లేదు. కానీ ఎంత వస్తుందో, ఎప్పుడొస్తుందో చేతిలో లేని డబ్బు అది. దాన్ని నమ్ముకుని జీతం వదిలేస్తే లోన్ కట్టడమెలా?

ఇక గంటలు తగ్గించుకునే దారి. మీది పెద్ద కంపెనీ, నాలుగేళ్ల సర్వీసు అన్నారు కాబట్టి 1993 నాటి ఎఫ్ఎంఎల్ఏ అనే సెలవుల చట్టం మీకు వర్తించే అవకాశం ఎక్కువ. మీరు పనిచేసే చోటికి 75 మైళ్లలోపు ఆ కంపెనీకి 50 మంది ఉద్యోగులుండాలి. మీరు ఏడాది పనిచేసి ఉండాలి, గడిచిన 12 నెలల్లో 1,250 గంటలు నిండాలి. అప్పుడు ఏడాదికి 12 వారాల సెలవు హక్కుగా వస్తుంది. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఆ సెలవును ఒక్కసారే తీసుకోనక్కర్లేదు, డాక్టరు అవసరమని రాస్తే విడివిడిగా వాడుకోవచ్చు. వారానికి 40 గంటల చొప్పున 12 వారాలంటే 480 గంటలు. వారానికి 10 గంటలు తగ్గించుకుంటే ఆ 480 గంటలు 48 వారాలు వస్తాయి. ఏడాదికి నాలుగు వారాలే తక్కువ! ఆ గంటలకు జీతం రాదు, మీకు పోగైన పెయిడ్ లీవ్ ఉంటే వాడుకోవచ్చు. హెల్త్ ఇన్సూరెన్స్ మాత్రం పూర్తి ఉద్యోగికి ఉన్నట్టే ఉంటుంది. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. కంపెనీతో మాట్లాడుకుని మామూలు పార్ట్‌టైమ్‌కి మారితే ఇన్సూరెన్స్ పోయే ప్రమాదం ఉంది. అందుకని హెచ్ఆర్‌కి రాసేటప్పుడు 'పార్ట్‌టైమ్ ఇవ్వండి' అని రాయొద్దు. 'ఎఫ్ఎంఎల్ఏ కింద తగ్గించిన పనివేళలు కావాలి' అని రాయండి. వాళ్లిచ్చే ఫారం మీ డాక్టరు నింపుతారు. ఆ వైద్య కాగితాలు విడి ఫైల్లో రహస్యంగా ఉంచాలి. మీ మేనేజరుకు తెలియాల్సింది మీరు ఏ వేళల్లో ఉంటారన్నదే. వీఏ క్లెయిమ్ గురించి ఆఫీసులో ఎవరికీ చెప్పనవసరం లేదు.

బాబూ, మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఒకటుంది: అర్ధరాత్రి అలర్ట్. 30 గంటలకు తగ్గించుకుని ఆన్‌కాల్ అలాగే ఉంచుకుంటే ఏం లాభం? మిమ్మల్ని నిద్రలోంచి లేపి కాందహార్‌కి తీసుకెళ్తున్నది ఆ మోత. 15 మంది, అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీలకు ఏడీఏ అనే 1990 చట్టం వర్తిస్తుంది. జబ్బున్న ఉద్యోగికి పని చేయడానికి వీలుగా, కంపెనీకి మరీ భారం కాని మార్పులు చేయాలని అది చెబుతుంది. రాత్రి ఆన్‌కాల్ తీసేయమనండి, ఉదయం 10కి మొదలుపెట్టనివ్వమనండి. అడిగినదంతా ఇవ్వకపోవచ్చు. కానీ కూర్చుని మాట్లాడాల్సిన బాధ్యత వాళ్లకుంది. ఈ రెండు మార్పులూ దొరికితే 30 గంటలు కాస్తా 34 అయినా సరిపోతుందేమో, మీ సైకాలజిస్ట్‌ని అడగండి. జీతంలో పావు వంతు పోవడం కంటే అది నయం.

ఇప్పుడు మూడు వారాల్లో జరిగే పరీక్ష. మనవాళ్ల గురించి నాకున్న దిగులు ఇక్కడే. 'ఎలా ఉన్నారు?' అని ఎవరడిగినా మన నోట 'పర్లేదండీ, బాగానే ఉన్నాను' అని వచ్చేస్తుంది. మా నాన్న 1971 యుద్ధం చేసొచ్చిన జవాను. రాత్రి రెండింటికి టార్చిలైటు పట్టుకుని ఇంట్లో పడుకున్న వాళ్లందరినీ లెక్కపెట్టేవాడు. చుట్టాలు పడుకుంటే వాళ్లనీ లెక్కపెట్టేవాడు. లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి. పొద్దున్నే ఎవరైనా నిద్ర పట్టిందా అంటే 'బ్రహ్మాండంగా' అనేవాడు. ఆయన పోయాక, ఈ దేశంలో ఆ ఆఫీసులో కూర్చుని ఒక ఫైలు చదువుతుంటే నాకు అర్థమైంది, ఆయనకేం జరిగిందో.

పరీక్ష చేసేవారు మీకు వైద్యం చేసేవారు కారు. మిమ్మల్ని బహుశా మొదటిసారి, చివరిసారి చూస్తారు. మీరు 'పర్లేదు' అంటే అదే రాసుకుంటారు. అలాగని ఉన్నదానికి ఒక్క ముక్క కూడా కలపొద్దు. నాకు రాసినట్టే చెప్పండి. చెత్తసంచి, లేన్ మార్చడం, కుర్రాడి మీద అరవడం, కారులో ఏడవడం. నెలలో ఎన్ని రాత్రులు నిద్రపోరో, ఎన్ని రోజులు పనికి వెళ్లలేకపోయారో ఈ మూడు వారాలూ ఒక నోట్‌బుక్‌లో రాసుకుని పట్టుకెళ్లండి. మంచి రోజుల గురించి అడిగితే అవీ చెప్పండి. పనిచేస్తున్నారు కదా అంటే, పనిచేయడానికి ఇంట్లో ఏం పోగొట్టుకుంటున్నారో చెప్పండి. ఆ పేలుడు గురించి సాక్షులను వెతకాలేమోనని భయపడకండి. శత్రుదాడి భయంతో వచ్చిన పీటీఎస్‌డీకి 2010 జులై నుంచి నిబంధన సడలించారు. మీరు చెప్పింది మీరు పనిచేసిన చోటికీ కాలానికీ పొసగాలి, వీఏ తరఫు సైకాలజిస్టో సైకియాట్రిస్టో అవునని తేల్చాలి, చాలు.

మీ ఆవిడ గురించి ఒక్క మాటా రాయలేదు మీరు. పెళ్లయి ఉంటే ఆమె చేత 21-10210 అనే ఫారం మీద రాయించండి. ఆమె జబ్బు పేరు రాయనక్కర్లేదు, కళ్లతో చూసింది రాస్తే చాలు. 'తలుపు గడియ మూడుసార్లు చూస్తారు, పిల్లల స్కూల్ ఫంక్షన్‌లో గోడకు ఆనుకునే నిలబడతారు' లాంటివి. అరపేజీ చాలు. ఇలాంటి ఉత్తరాలు ఫైలులో ఎంత బరువుగా పనిచేస్తాయో నేను చూశాను.

కొన్ని చిన్న సంగతులు. క్లెయిమ్ కాగితాలకు డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ, అమెరికన్ లీజన్ అనే మాజీ సైనికుల సంఘాల్లో గుర్తింపు ఉన్న ప్రతినిధులు, మీ కౌంటీ ఆఫీసువాళ్లు పైసా తీసుకోకుండా సాయం చేస్తారు. 'వంద శాతం ఇప్పిస్తాం, పెరిగిన డబ్బులో కొన్ని నెలలది మాకివ్వండి' అనేవాళ్ల జోలికి వెళ్లొద్దు. మొదటి క్లెయిమ్ వేసిపెట్టడానికి ఫీజు తీసుకోవడం చట్టం ఒప్పుకోదు. తీర్పు తక్కువగా వస్తే ఏడాదిలోపు మళ్లీ అడగవచ్చు.

క్లెయిమ్ తేలకముందే వీఏలో వైద్యం మొదలుపెట్టుకోండి. అఫ్గానిస్తాన్‌లో పనిచేసిన వాళ్లు 2024 మార్చి 5 నుంచి రేటింగ్ లేకపోయినా పేరు నమోదు చేసుకోవచ్చు. వీఏ నడిపే వెట్ సెంటర్లలో యుద్ధానికి వెళ్లొచ్చిన వాళ్లకు కౌన్సెలింగ్ ఉచితం. మీ భార్యకు కూడా. అక్కడి మాటలు, ప్రాణాపాయం ఉంటే తప్ప, మీ అనుమతి లేకుండా బయటికి పోవు. ఏ రాత్రయినా బతకడం దేనికి అనిపిస్తే 988కి ఫోన్ చేసి 1 నొక్కండి. తెల్లారేదాకా ఆగొద్దు.

కరీంనగర్‌లో అమ్మానాన్నలకు ఇప్పుడే అన్నీ చెప్పాలని లేదు. 'ఆరోగ్యం బాగోక డాక్టరు పని తగ్గించుకోమన్నారు, కొన్నాళ్లు కాస్త తక్కువ పంపుతాను' అంటే చాలు. అది నిజమే కదా.

పరీక్ష ముందు రాత్రి మీకు ఆన్‌కాల్ పడుతుందేమో ఈరోజే చూసుకోండి. పడితే ఎవరితోనైనా మార్చుకోండి. పొద్దున మీరు కారు నడపకండి, ఇంట్లోవాళ్లనో స్నేహితుడినో నడపమనండి. నోట్‌బుక్ మర్చిపోవద్దు.