వారెన్స్‌బర్గ్ నిజంగా ‘ఏమీ లేని ఊరే’నా?

మీ తమ్ముడికి అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ మిస్సోరీలో ప్రవేశం దొరికిందనీ, అది ఉన్న వారెన్స్‌బర్గ్‌ను తెలిసినవాళ్లందరూ ‘ఏమీ లేని పల్లెటూరు’ అంటున్నారనీ, అక్కడి జనం ఎలాంటివారో చెప్పమనీ అడిగారు. నేను ఎంఎస్ చదివింది అక్కడే. అలా అనేవారిలో చాలామంది తరగతి గది, అద్దె ఇల్లు, వాల్‌మార్ట్ తప్ప మరేమీ చూడకుండానే ఉద్యోగం వెతుక్కుంటూ డల్లాస్‌కో అట్లాంటాకో తరలిపోయినవారని నా అభిప్రాయం. ఆ ఊరు అర్థం కావాలంటే క్యాంపస్ దాటి, హోల్డెన్ వీధి వెంట ఉత్తరంగా నడిచి, కోర్టు చౌక్ దాకా వెళ్లాలి.

వారెన్స్‌బర్గ్ జాన్సన్ కౌంటీకి కేంద్రం. జనాభా 20 వేల లోపే. కాన్సాస్ సిటీ నుంచి 50వ నంబరు హైవే మీద తూర్పుగా గంట ప్రయాణం. మన మండల కేంద్రానికి తహసీల్దారు కార్యాలయం ఎలాంటిదో ఆ ఊరికి కోర్టు భవనం అలాంటిది. పొలాల దస్తావేజులు, పెళ్లి లైసెన్సులు, ఆస్తి పన్నులు, దావాల కోసం చుట్టుపక్కల చిన్న ఊళ్లవారంతా అక్కడికే వస్తారు. అయితే పన్ను వసూలు చేసే అధికారినీ, ఆస్తులకు విలువ కట్టే అసెసర్‌నూ, పోలీసు అధికారి అయిన షెరీఫ్‌నూ అక్కడి ప్రజలే ఓటు వేసి ఎన్నుకుంటారు కనుక, కిటికీ అవతల కూర్చున్నవారికీ ఇవతల నిలుచున్నవారికీ తరచుగా ముఖపరిచయం ఉంటుంది.

మన విద్యార్థులను ఆ భవనం దాకా నడిపించేది సాధారణంగా కారే. మిస్సోరీలో జనవరి 1 నాటికి వాహనం ఎవరి పేరున ఉంటే వారు ఆ ఏటి పన్నును డిసెంబరు 31 లోగా కౌంటీకి చెల్లించాలి. ఆ రసీదు చూపనిదే నంబరు ప్లేటు రెన్యువల్ కాదు. కొత్తగా రాష్ట్రానికి వచ్చినవారైతే, అంతకుముందు జనవరి 1న తమకు అక్కడ పన్ను పడే వాహనమేదీ లేదని అసెసర్ కార్యాలయం నుంచి పత్రం తీసుకోవాలి. సీనియర్లు ఈ సంగతి ముందుగా చెప్పరు కాబట్టి మీ తమ్ముడికి మీరే చెప్పండి.

ఆ పని మీద వెళ్లినప్పుడే కోర్టు ఆవరణలో ఒక కుక్క విగ్రహం కనిపిస్తుంది. దాని పేరు ఓల్డ్ డ్రమ్. 1869లో లియోనిడాస్ హార్న్స్‌బీ అనే రైతు, తన గొర్రెలను కుక్కలు చంపుతున్నాయన్న కోపంతో, తన బావ అయిన చార్లెస్ బర్డెన్ వేటకుక్కను కాల్పించాడని దావా పడింది. విచారణ మీద విచారణ జరిగి, చివరికి 1870 సెప్టెంబరులో బర్డెన్ తరఫున జార్జ్ గ్రాహం వెస్ట్ అనే న్యాయవాది సాక్ష్యాల జోలికి పోకుండా, యజమాని అన్నీ కోల్పోయినా విడిచిపోని కుక్క విశ్వాసం గురించి మాట్లాడి జ్యూరీని గెలుచుకున్నాడు. వెస్ట్ తర్వాత అమెరికా సెనేటర్ అయ్యాడు; ఎదుటి పక్షాన వాదించిన క్రిటెండెన్ మిస్సోరీ గవర్నర్ అయ్యాడు. 50 డాలర్ల కుక్క కోసం ఇంతటివారు వాదించారంటే ఆ కాలంలో కౌంటీ కోర్టు ఊరికి ఎంత పెద్ద వేదికో ఊహించవచ్చు. విగ్రహాన్ని 1958లో పెట్టారు. ఆ వాదన జరిగిన పాత కోర్టు మాత్రం అక్కడ కాదు, పడమటివైపు గుట్ట మీది పాత ఊళ్లో ఉంది. 1864లో రైలు వచ్చాక వ్యాపారమంతా పట్టాల దగ్గరికి దిగిపోయింది. కోర్టు కూడా తర్వాత ఆ దారే పట్టింది. ఆ రైలు మార్గం ఇప్పటికీ ఉంది. సెయింట్ లూయిస్, కాన్సాస్ సిటీల మధ్య నడిచే ఆమ్‌ట్రాక్ బండి అక్కడ ఆగుతుంది; కారు కొనేదాకా అది మంచి ఆధారం.

ఊరి చరిత్రలో మెచ్చుకోదగినదీ, సిగ్గుపడవలసినదీ ఒకే పేరు చుట్టూ అల్లుకుని ఉన్నాయి. పసితనంలోనే చూపు పోయిన నల్లజాతి పియానో విద్వాంసుడు జాన్ విలియం బూన్ అక్కడే పెరిగాడు. అతణ్ణి సెయింట్ లూయిస్‌లోని అంధుల పాఠశాలకు పంపడానికి ఊరివారు పూనుకున్నారు. అదే ఊళ్లో 1954లో కూడా నల్లవారికి విడిగా ఒక పార్కు కేటాయించవలసిన పరిస్థితి ఉండేది. దానికి అతని పేరే పెట్టారు. తర్వాత పాడుబడిన ఆ పార్కును స్థానికులే పట్టుబట్టి మళ్లీ బాగు చేసుకున్నారు.

విశ్వవిద్యాలయం 1871లో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలగా మొదలైంది. వ్యక్తిత్వ వికాస పుస్తకాలతో మన దగ్గర కూడా పేరున్న డేల్ కార్నెగీ చదివింది అక్కడే. ఊరికి మరో ఆధారం దగ్గరలోని వైట్‌మన్ వైమానిక స్థావరం. బీ-2 బాంబర్లు ఉండేది అక్కడే కనుక ఆ నల్లని త్రికోణం ఆకాశంలో కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. సైనిక కుటుంబాలూ విద్యార్థులూ వస్తూ పోతూ ఉండడం వల్ల కాబోలు, కొత్త ముఖాన్ని ఊరివారు వింతగా చూడరు. మర్యాదగా పలకరిస్తారు, అంతకు మించి చొరవ తీసుకోరు. నేనున్నప్పుడు కొన్ని చర్చిలవారు కొత్త విద్యార్థులకు పాత మంచాలు, బల్లలు ఇచ్చేవారు. ప్రార్థనకు రమ్మని పిలిచేవారు, రాకపోయినా మంచం వెనక్కి అడగలేదు.

ఇబ్బందులు లేవని అనను. గుడికి వెళ్లాలంటే కాన్సాస్ రాష్ట్రంలోని షానీ దాకా పోవాలి. రాత్రి పొద్దుపోయాక తిరగడానికి చోటు తక్కువ, చలికాలం గాలి కఠినం, ఊళ్లో ఐటీ ఉద్యోగాలు దాదాపు లేనట్టే.

ఇల్లు మాట్లాడుకునే ముందు ఒక్క విషయం తేల్చుకోండి. ఈ విశ్వవిద్యాలయానికి కాన్సాస్ సిటీ శివారైన లీస్ సమ్మిట్‌లో కూడా క్యాంపస్ ఉంది. మీ తమ్ముడి తరగతులు అక్కడ పడితే వారెన్స్‌బర్గ్‌లో అద్దె ఒప్పందం మీద సంతకం చేయవద్దు.