పాత వాల్వ్ తియ్యకుండానే కొత్తదా?

ప్రశ్న: మా నాన్నగారికి 76 ఏళ్లు. 2012లో ఛాతీ తెరిచి గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే ద్వారంలో (అయోర్టిక్) టిష్యూ వాల్వ్, అంటే జంతు కణజాలంతో చేసినది వేశారు. 2019లో పేస్‌మేకర్ పెట్టారు. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆ వాల్వ్ బిగుసుకుపోయింది, తొడ దగ్గర్నుంచి ఇంకోటి పెడతాం అంటున్నారు. పాతది తియ్యరట! పేస్‌మేకర్ వైరుకి తగలదా? ప్రయోగాలు చేస్తున్నారని అమ్మ ఒప్పుకోవడం లేదు.
- ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ప్రయోగం కాదమ్మా. తొడ నుంచి వాల్వ్ వేయడం 2002లో ఫ్రాన్స్‌లో డాక్టర్ క్రిబియే మొదలుపెట్టారు. పాత టిష్యూ వాల్వ్ లోపల కొత్తది వేయడం కూడా ఏళ్లుగా జరుగుతున్నదే. టిష్యూ వాల్వులు మామూలుగా పది, పదిహేనేళ్లకు అరిగిపోతాయి. మీ నాన్నగారిది దాని కాలం అది పనిచేసింది.

పాతది తియ్యకపోవడమే ఇక్కడ మేలు. ఒకసారి కోసిన ఛాతీలో గుండె ఎముక వెనక అతుక్కుపోయి ఉంటుంది. సర్జన్‌గా రెండోసారి అక్కడ రంపం పెట్టినప్పుడల్లా గ్లౌజుల్లో నా చేతులు తడిసిపోయేవి. ఈ పద్ధతిలో మడిచిన వాల్వ్‌ను తొడ రక్తనాళం గుండా పాత వాల్వ్ లోపలికి తీసుకెళ్లి విప్పుతారు. పాత రింగే దానికి పట్టు. అదే లోహపు వాల్వ్ అయితే ఈ పని కుదిరేది కాదు.

అసలు జాగ్రత్త వేరేచోట ఉంది. పక్కకి ఒత్తుకుపోయిన పాత వాల్వ్ రేకులు గుండెకు రక్తమిచ్చే నాళాల ముఖద్వారాలకు అడ్డం పడొచ్చు. అందుకే ముందు సీటీ తీసి దూరాలు కొలుస్తారు. పాత రింగు 19 లేదా 21 మి.మీ. సైజైతే లోపల ఇంకోటి వేశాక దారి మరీ ఇరుకవుతుంది, ఆయాసం పూర్తిగా తగ్గకపోవచ్చు. కాబట్టి 2012లో ఇచ్చిన వాల్వ్ కార్డు (దాని రకం, సైజు రాసి ఉండేది) వెతకండి. ఒక పెద్దాయన నా దగ్గరికి ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్కు అన్నీ కవర్లో పెట్టుకొచ్చారు, అదొక్కటి తప్ప! దొరక్కపోతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో రికార్డు అడగండి.

పేస్‌మేకర్‌తో టెన్షన్ వద్దు. దాని వైరు గుండె కుడివైపు ఉంటుంది, ఈ వాల్వ్ ఎడమవైపు నుంచి వెళ్తుంది. వాల్వ్ వేశాక కొందరికి గుండె లయ మందగించి పేస్‌మేకర్ అవసరమవుతుంది. ఈయనకి అది ముందే ఉంది. ఒకసారి బ్యాటరీ చెక్ చేయించండి, చాలు. సీటీకి ఇచ్చే మందు కిడ్నీల మీద భారం కనుక క్రియాటినిన్ పరీక్ష, పుచ్చిన పళ్లుంటే వాటి క్రిములు కొత్త వాల్వ్‌కు పట్టకుండా వాటి వైద్యం ముందే కానివ్వండి.

ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు అమ్మగారినీ తీసుకెళ్లండి. ఆ సీటీ బొమ్మలు ఆవిడకే చూపించమనండి.