బొట్టు పెట్టిన మెషీన్ మీద బీటా వద్దు

కంప్యూటర్ ప్రశ్నలు - జవాబులు
(ఏలూరులో ఇరవై ఏళ్లకు పైగా సర్వీసింగ్ షాపు నడుపుతున్న మన కాలమిస్టు ఈసారి లినక్స్ (విండోస్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) బీటాల మీద, అంటే ఫైనల్‌కి ముందు పరీక్షకి వదిలే వెర్షన్ల మీద, వచ్చిన ఉత్తరాలకు జవాబిస్తున్నారు.)

ప్రశ్న: బీఎస్సీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, ఉబుంటు వాడతాను. మా క్లాస్‌మేట్ కొత్త వెర్షన్ బీటా ఎక్కించి, బాగానే ఉందంటున్నాడు. నెలలో ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి. నేనూ వేసుకోనా?
- విద్యార్థి, తెనాలి

జవాబు: వద్దు తమ్ముడూ. ప్రాజెక్టు రిపోర్టు అన్న మాట లేకపోతే కాస్త ఆలోచించేవాణ్ని.

నా సంగతి విను. కొన్నేళ్ల క్రితం దసరా ముందు వారం, షాపులో బిల్లులు కొట్టే మెషీన్ మీద ఒక బీటా ఎక్కించాను. ఏ డిస్ట్రోనో (ఉబుంటు లాంటి లినక్స్ రకాన్ని డిస్ట్రో అంటారు) చెప్పను, తప్పు నాది. కొత్త డెస్క్‌టాప్ చూడాలన్న కుతి తప్ప వేరే కారణం లేదు. రెండు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. మూడో రోజు కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ) అప్‌డేట్ వచ్చింది, గ్రాఫిక్స్ డ్రైవర్ (స్క్రీన్‌ని నడిపించే ప్రోగ్రాం) దానికి కుదరలేదు. ఆయుధ పూజ నాడు మా ఆవిడ మానిటర్‌కి పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసింది. స్క్రీన్ నల్లగా ఉంది. "పూజయ్యాకైనా లేస్తుందేమో చూడండి" అంది. లేవలేదు. కస్టమర్ల బాకీల లెక్కంతా అందులోనే. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఫైళ్లు బయటికి లాగేసరికి పండగ పూట చీకటి పడింది.

మీ క్లాస్‌మేట్ "బాగానే ఉంది" అన్నది ఆ రోజు మాట. ఉబుంటు ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో వస్తుంది. దానికి సుమారు నెల ముందు బీటా. అప్పటికి కొత్త ఫీచర్లు చేర్చడం ఆపేసి తప్పులు ఏరుతుంటారు కాబట్టి అప్‌డేట్లు కుప్పలుగా వస్తాయి. నిన్న నడిచింది ఈరోజు ఆగొచ్చు.

"పోతే ఫార్మాట్ కొడదాం" అంటారు చాలామంది. ఫార్మాట్‌తో తీరని దెబ్బలూ ఉన్నాయి. 2008 సెప్టెంబరులో, 2.6.27 కెర్నెల్ ఇంకా పరీక్షలో ఉండగా, ఈ1000ఈ డ్రైవర్‌తో నడిచే ఇంటెల్ నెట్‌వర్క్ కార్డులు కొన్ని మూగబోయాయి. కార్డు మీదుండే చిన్న మెమరీలో సమాచారం చెడిపోయింది. అది చెడ్డాక ఏ ఓఎస్ వేస్తే మాత్రం ఏం లాభం? ఉబుంటు 8.10 ఆల్ఫా (బీటాకి ముందు దశ), ఓపెన్‌సూసె అనే మరో డిస్ట్రో 11.1 బీటా రెండింటిలోనూ ఆ కెర్నెలే. అందరూ డ్రైవర్‌ని అనుమానించారు. చివరికి దొరికిన దొంగ ఎఫ్‌ట్రేస్. కెర్నెల్ లోపల ఏం జరుగుతోందో గమనించడానికి పెట్టిన ఆ ఏర్పాటే, రాయకూడని చోట రాసేసింది. కాపలావాడే కన్నం వేసినట్టు.

అలాగని ఫైనల్ అంటే గంగాజలమా? 2017 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 17.10 ఫైనలే. కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌ల్లో బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రాం) సెట్టింగులు సేవ్ కాకుండా చేసింది. డిసెంబరులో డౌన్‌లోడ్ ఆపి, జనవరిలో సరిచేసిన కాపీ పెట్టారు. అందుకే నేను కస్టమర్లకి ఎల్‌టీఎస్‌ని (ఐదేళ్లు అప్‌డేట్లు వచ్చే వెర్షన్‌ని) ఏప్రిల్‌లో వేయను. 24.04 (2024 ఏప్రిల్ వెర్షన్) అయితే ఆగస్టులో తప్పులు సరిచేసిన 24.04.1 వచ్చాకే వేశాను. పాత ఎల్‌టీఎస్ వాడేవాళ్లకి ఉబుంటు కూడా ఆ .1 దాకా అప్‌గ్రేడ్ చూపించదు.

మోజు తీరాలంటే పెన్‌డ్రైవ్ ఉంది. వెంటాయ్ అని ఒక ఉచిత సాధనం ఉంది, పెన్‌డ్రైవ్‌లో అది ఒకసారి వేస్తే చాలు. ఆ తర్వాత ఐఎస్‌ఓ ఫైలు (డిస్ట్రో మొత్తం ఒక్కటిగా ఉండే ఫైలు) కాపీ చేయడమే. వెంటాయ్ వేసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది, ముందే తీసి పెట్టుకో. దాంతో బూట్ చేసి, ఇన్‌స్టాల్ జోలికి పోకుండా "ట్రై" నొక్కు. వైఫై పట్టిందా, సౌండ్ వచ్చిందా, బ్రైట్‌నెస్ మీటలు పనిచేశాయా, మూత మూసి తెరిస్తే లేచిందా చూడు. వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రాం) 4 జీబీ ర్యామ్ ఇచ్చి వేసినా నడుస్తుంది గానీ, నీ వైఫై కార్డు సంగతి అది చెప్పలేదు.

పాత ఎస్ఎస్‌డీని యూఎస్‌బీ కేసులో పెట్టి దాని మీద ఇన్‌స్టాల్ చేసేవాళ్లకి ఒక హెచ్చరిక. బయటి డిస్క్ ఎంచుకున్నా, కొన్ని ఇన్‌స్టాలర్లు బూట్‌లోడర్‌ని (ఓఎస్‌ని లేపే ప్రోగ్రాంని) లోపలి డిస్క్‌లో పెట్టేస్తాయి. బయటిది పీకగానే అసలు ల్యాప్‌టాప్ లేవదు. నేనైతే స్క్రూ విప్పి లోపలి డిస్క్ తీసి పక్కన పెట్టాకే మొదలుపెడతాను. షాపులో ఈ పనికోసమే మూత విరిగిన ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. దానికి బొట్టు పెట్టం.

ప్రశ్న: బీటా వేసుకున్నాను. ఫైనల్ వచ్చాక మళ్లీ మొదటినుంచి వేయాలా?
- ఖమ్మం పాఠకుడు

జవాబు: అక్కర్లేదు. ఉబుంటు, ఫెడోరా, మింట్ ఏదైనా అప్‌డేట్లు మానకుండా వేసుకుంటూ పోతే అదే ఫైనల్ అవుతుంది. ఎక్కడెక్కడో చూసి మీరు మార్చుకున్న సెట్టింగులు మాత్రం అలాగే ఉండిపోతాయి. అవి మీవే, డిస్ట్రోని తిట్టకండి.

ప్రశ్న: బీటాలో బ్యాంకు పనులు చేయొచ్చా? వైరస్ భయం ఉంటుందా?
- గృహిణి, హైదరాబాద్

జవాబు: బ్యాంకు పని వద్దమ్మా. 2024 మార్చిలో జరిగింది చూడండి. ఫైళ్లు కుదించడానికి లినక్స్ అంతటా వాడే ఎక్స్‌జెడ్‌లో, 5.6.0, 5.6.1 వెర్షన్లలో, ఎవరో దొంగదారి పెట్టారు. అప్పటికి అది డెబియన్ అనే డిస్ట్రోలో పరీక్షలో ఉండే టెస్టింగ్, ఫెడోరా 40 బీటా లాంటి తయారీలో ఉన్నవాటి దాకా వచ్చింది. అందరూ వాడే డెబియన్ స్టేబుల్‌కి చేరలేదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్) డెవలపర్ తన డెబియన్ అన్‌స్టేబుల్ మెషీన్‌లో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి మరో కంప్యూటర్‌లోకి వెళ్లే దారి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించి, తీగ లాగి, మార్చి 29న బయటపెట్టాడు. ఉబుంటు వాళ్లు అనుమానంతో, ఆ దొంగదారి చేరాక కట్టిన ప్యాకేజీలన్నీ (ప్రోగ్రాంల కట్టలు) మళ్లీ కట్టారు. ఏప్రిల్ 4న రావలసిన 24.04 బీటా 11న వచ్చింది. కాబట్టి భయం నిజమే. పట్టుకున్నది కూడా తయారవుతున్న వెర్షన్ వాడుతున్న మనిషే. ఆ అర సెకను మనలో ఎంతమంది పట్టించుకుంటాం?

ప్రశ్న: రిటైరైన తెలుగు పండితుణ్ని. మా మనవడు పెన్‌డ్రైవ్‌లో బీటా చూపించాడు. నాకు కోడింగ్ రాదు. తెలుగు వరకు నేను చూసి చెప్పగలిగేది ఏమైనా ఉందా? ‘స్త్రీ’ అని కొట్టి బ్యాక్‌స్పేస్ నొక్కితే దీర్ఘం ఒక్కటే పోతోంది. ఇది తప్పేనా?
- రాజమండ్రి పాఠకుడు

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం కోసమే చూస్తున్నాను.

ముందు బ్యాక్‌స్పేస్. అది తప్పు కాదు. ‘స్త్రీ’ కంటికి ఒకటే అక్షరం, కంప్యూటర్‌కి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. బ్యాక్‌స్పేస్ ఒక్కొక్కటే తీస్తుంది. అక్షరానికి ముందు కర్సర్ పెట్టి డిలీట్ నొక్కితే సాధారణంగా మొత్తం పోతుంది.

తప్పులు వేరే చోట దాక్కుంటాయి. రాష్ట్రం, లక్ష్మి, వైశిష్ట్యం, జ్ఞానం కొట్టి చూడండి. వత్తు కింది లైనుకి తగులుతోందా, మెనూలో సగం తెగుతోందా? లిబ్రే ఆఫీస్‌లో పేజీ రాసి పీడీఎఫ్ చేసి, అందులోంచి తిరిగి కాపీ చేస్తే తెలుగు తెలుగులాగే వస్తోందా? ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కాక ఆర్టీఎస్‌తో (ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి) కొడితే, ఐబస్‌లో (మీటల్ని తెలుగుగా మార్చే ప్రోగ్రాం) అక్షరం కుదురుకోకముందే మరో విండోకి వెళ్తే ఏమవుతోంది? డెవలపర్ ఇంగ్లిషులో కొట్టి చూసుకుంటాడు, మన వత్తు తెగితే అతనికి కనబడదు. బీటాలో చెబితే ఫైనల్ లోపు సరిచేసే వీలుంటుంది. వచ్చేశాక ఫాంటులో చిన్న మార్పుకి కూడా ఎక్కువ తతంగం. ఎల్‌టీఎస్ అయితే ఆ తెగిన వత్తుతోనే ఐదేళ్లు నడవాల్సి రావచ్చు.

2018 ఫిబ్రవరి గుర్తుందా? ‘జ్ఞా’లో కనిపించని అక్షరం ఒకటి చేరిన రూపం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. తమాషా ఏమిటంటే అప్పటికే పరీక్షలో ఉన్న 11.3 బీటాలో ఆ తప్పు లేదు.

చెప్పే పద్ధతి కష్టం కాదు. టెర్మినల్‌లో ‘ubuntu-bug’ అని ఇంగ్లిషులో కొట్టి పక్కన ప్యాకేజీ పేరు ఇస్తే సిస్టమ్ వివరాలు అదే పోగుచేస్తుంది. లాంచ్‌ప్యాడ్‌లో (ఉబుంటు తప్పులు నమోదు చేసే సైటు) ఖాతా కావాలి, మనవడు తెరిచిస్తాడు. ఏ మీటలు నొక్కారు, ఏం రావాలి, ఏం వచ్చింది, ఈ మూడూ రాసి స్క్రీన్‌షాట్ జతచేయండి. తెలుగు మాటని బొమ్మగానే కాక టైప్ చేసి కూడా పెట్టండి, అవతలివాడికి తెలుగు రాదు, కాపీ చేసుకుని చూస్తాడు. "తెలుగు సరిగా లేదు" అని ఒక్క ముక్క రాస్తే మాత్రం ఎవరూ ముట్టుకోరు. నేను మొదటిసారి అలాగే రాశాను. నెల తర్వాత వాళ్లే "ఏది సరిగా లేదు?" అని అడిగారు. అప్పటికి నాకే గుర్తులేదు.