బాతుల వేటకు పోయే అల్లునికి

అల్లుడూ,

హంటర్ సేఫ్టీ క్లాసు పాసైనవని, నవంబర్‌ల మిన్నెసోటలనే బాతుల వేటకు పోతున్నవని మీ అమ్మ ఫోన్‌ల చెప్పింది. సంబురమైంది, గని పాణం ఆగక ఇది రాస్తున్న. ఇక్కడ 1972 చట్టం వచ్చినంక వేట నేరం. పాఖాల చెరువు మీద చలికాలం దిగే బాతుల్ని కండ్లతోని చూసుడే తప్ప నీకు తుపాకి ఎరుక లేదు.

లైసెన్సు, డక్ స్టాంపు (బాతుల వేటకు కొనే సర్కారు స్టాంపు) దగ్గర పెట్టుకో. తుపాకిల మూడు తోటాలకు మించి పట్టకుండ అడ్డం పెట్టే ప్లగ్ ఉండాలె.

అమెరికా అంతట 1991 నుంచి బాతుల వేటకు తోటాలల్ల ఉండే సన్న సీసం గుండ్లు బంద్. కాల్చకున్నా, వేటకాడ జేబుల ఒక్క సీసం తోటా దొరికినా తప్పే. అడిగి తెచ్చుకున్న జాకెట్ అయితే జేబులన్ని తిరగేసి దులుపు. బాతు బురదల ముక్కుపెట్టి కందనకాయ కోసం సన్న రాళ్లు మింగుతది. వాటితోని సీసం గుండు పోతే కందనకాయల అరిగి రక్తంల కలుస్తది. రెక్కలు వాలిపోయి, ఎగురలేక ఎండుకపోయి చస్తది. దాన్ని తిన్న గద్దకు గూడ విషమే.

ఇగ అసలు మాట. సీసానికి అలవాటైన వేటగాళ్లు దాని బదులు ఉక్కు గుండ్లు వచ్చిన కొత్తల గుండు సైజు నంబర్ మార్చలే. సీసంల 4 కొట్టినోళ్లు ఉక్కుల గూడ 4 కొన్నరు. రెండు గుండ్లు అరచేతిల పెట్టుకుంటే కొలత ఒక్కటే, 3.3 మిల్లీమీటర్లు. తూకంల సీసంది 0.21 గ్రాము, ఉక్కుది 0.15. తేలిక గుండుకు గాలిల జోరు జల్ది తగ్గుతది. ఈకలు రాలుతయి, బాతు ఆగదు, యాడనో జమ్ముల పడి గోసపడి చస్తది. నాకు అన్నిటికన్న భయం ఈ గోసకే. ఉక్కు పనికిరాదని తోటాను తిట్టిన్రు గని తప్పు నంబర్‌ది. నంబర్ తగ్గితే గుండు పెద్దదైతది. నువ్వు రెండు నంబర్లు దిగి ఉక్కు 2 కొను. గుండు 0.23 గ్రాము తూగుతది. ఔన్సుకు 125 దాక వస్తయి, సీసం 4కు 135, పెద్ద తేడా లేదు.

అయినా 35 గజాలు దాటితే కొట్టకు. పొద్దుగాల బొమ్మ బాతులు నీళ్లల్ల వదిలేటప్పుడే ఒకదాన్ని సరిగ్గ 35 గజాల కాడ ఉంచు. దాని అవతలిది ఎంత మంచిగ కనపడ్డా పోనియ్యి. పడ్డది ఇంక కొట్టుకుంటుంటే ఆలస్యం చెయ్యకుండ రెండో తోటా కొట్టు.

ఉక్కు గుండు సీసం లెక్క నలగది, అందుకే ఫుల్ చోక్‌ల, అంటే తుపాకి మూతికాడ బాగ ఇరుకు పెడితే, గొట్టం ఉబ్బొచ్చు. దానికన్న కొంచెం వెడల్పుండే మాడిఫైడ్ చోక్ పెట్టు. పెద్ద కాయితం మీద 30 అంగుళాల గుండ్రం గీసి ఒకటి కొట్టి చూడు. నడుమ బాతు పట్టేంత ఖాళీ ఉంటే చోక్ మార్చు. దోస్తులు తాతలనాటి తుపాకి ఇస్తే దాంట్ల ఉక్కు పెట్టనే పెట్టకు, బిస్మత్ అనే, ఉక్కుకన్న మెత్తటి లోహం గుండ్ల తోటా కొను. పిరమే, అయినా కొను.

ఉక్కు గుండు రాయికి, నీళ్లకు తగిలి ఎగిరొస్తది. కండ్లద్దాలు తియ్యకు బిడ్డా.

కూర వండే ముందు తోలు మీద బొక్క ఉన్నకాడ చూడు. గుండుతోని ఈకల పోగు లోపలికి పోతది, దాని ఎంబడి పోతే గుండు దొరుకుతది. అయస్కాంతం గూడ ఆనిచ్చి చూడు. పంటికింద పడితే పన్ను పలుగుతది. చిన్నదానికి నువ్వే ముక్క ఇప్పి పెట్టు.

మీ మామ,
హనుమకొండ