మూడు నిమిషాలు వెతకాలా, మూడు నిమిషాల్లో దొరకాలా?

సందేహం: నమస్తే సార్. మాది హన్మకొండ, ఇప్పుడు హైదరాబాద్‌ల ఒక గోల్ఫ్ కోర్సుల పనిచేస్తున్న. క్యాడీల (ఆటగాళ్ల బ్యాగులు మోసే పిలగాండ్ల) కోసం ముఖ్యమైన రూల్స్ తెలుగుల ఒక పేజీ రాయమన్నరు. బాల్ పోతే వెతకడానికి టైం లిమిట్ ఉంటది కదా, దాన్ని నేను "పోయిన బంతిని మూడు నిమిషాల్లో వెతకాలి" అని రాసిన. మా సీనియర్ దాన్ని కొట్టేసి "మూడు నిమిషాల వరకు వెతకాలి" అని మార్చిండు. ఇంకొకాయన అవన్నీ ఎందుకు, "మూడు నిమిషాలు వెతకాలి" అంటే చాలన్నడు. మూడిట్ల ఏది కరెక్టు? ఇంకోటి, వెతకడం అనే బదులు మన దిక్కు మాట దేవులాడడం అని రాస్తే తప్పయితదా?

సమాధానం: మూడూ మంచి తెలుగు వాక్యాలే గాని, ఆ రూల్ చెప్పే మతలబు మాత్రం మూడిట్ల ఒక్కదాంట్ల గూడ లేదు. వ్యాకరణం పక్కకు పెట్టి ముందు రూల్ ఏందో చూద్దాం, ఎందుకంటే ఇక్కడ తిరకాసంతా దాంట్లనే ఉంది.

2018 దాకా ఈ గడువు ఐదు నిమిషాలుండె, 2019 జనవరి 1 నుంచి గోల్ఫ్ రూల్స్ రాసే సంఘాలు ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ వాళ్లు దాన్ని మూడుకు తగ్గించిన్రు. ఆ మూడు నిమిషాల లెక్క బాల్ కొట్టినప్పటి నుంచి కాదు, అది పడ్డప్పటి నుంచి కూడ కాదు, ఆటగాడో అతని క్యాడీయో వెతకడం షురూ చేసినప్పటి నుంచి. అంతల దొరకకుంటే ఒక స్ట్రోక్ పెనాల్టీ (అంటే స్కోరుల ఒక దెబ్బ ఎక్కువ) వేసుకొని, ఇంతకుముందు ఎక్కడినుంచి కొట్టిండో మళ్ల అక్కడికే పోయి కొట్టాలె. ఇంకో సంగతి, వెతకాల్సిందే అని ఏ రూలూ అనదు. ఎవలన్న నాకొద్దు అనుకుంటే అసలు వెతకకుండనే ఎనక్కి పోయి పెనాల్టీతోని ఇంకో బాల్ కొట్టుకోవచ్చు.

అంటే మీ ముగ్గురి వాక్యాలల్ల ఉన్న "వెతకాలి" దగ్గరనే మొదటి లొల్లి. "-ఆలి" పెడితే అది డ్యూటీ అయితది. మూడు నిమిషాలు వెతకాలి అని రాస్తే, పాపం పిలగాడు రెండో నిమిషంల బాల్ దొరికినా ఇంకో నిమిషం వెతకాల్నేమో అనుకున్నా అనుకుంటడు (నవ్వకున్రి, రూల్ బుక్కు చదివేటోడు అక్షరాన్నే నమ్ముతడు). ఇక్కడ కావాల్సింది "వెతకొచ్చు". మరి "-ఆలి" ఎక్కడ రావాలె? దొరకడం దగ్గర. గడువు ఉన్నది వెతికే పనికి కాదు, దొరకడానికి.

ఇప్పుడు మీ "మూడు నిమిషాల్లో" సంగతి. తెలుగుల కొన్ని క్రియలు ఎంతసేపైనా సాగుతయి, నడుచుడు, వెతుకుడు, ఎదురుచూసుడు, ఇట్లాంటివన్నీ. కొన్ని ఒక్క క్షణంల అయిపోతయి, దొరుకుడు, చేరుడు, పడుడు. సాగేటియి ఉత్త కాలాన్ని అడుగుతయి, "మూడు నిమిషాలు వెతికిండు". అయిపోయేటియి "లో"ను అడుగుతయి, "మూడు నిమిషాల్లో దొరికింది". ఈ రెండింటిని తారుమారు చేసి చూడున్రి. "మూడు నిమిషాలు దొరికింది" అంటే బాల్ సంగతి పోయి టైం దొరికింది అన్నట్టు అయితది, "మూడు నిమిషాల్లో వెతికిండు" అంటే వినేటోడు ఆగి, అంటే దొరికిందా అని అడుగుతడు. మీ వాక్యం చదివితే ఏదో అతుకుతలేదని మీ సీనియర్‌కు అనిపించింది అందుకే, ఆయన చెవి కరెక్టే.

దాంట్ల ఇంకో ప్రమాదం కూడ ఉంది. "మూడు నిమిషాల్లో" అన్నప్పుడు ఎప్పటి నుంచి అనేది చెప్పకుంటే మన బుర్ర ఇప్పటి నుంచే లెక్క పెడతది. రైల్ల కూసొని ఇంటికి ఫోన్ చేసి "పది నిమిషాల్లో కాజీపేటల దిగుత" అంటే ఫోన్ చేసిన గడియ నుంచి పది నిమిషాలన్నట్టే కదా. అట్లనే క్యాడీ బాల్ కొట్టిన చప్పుడు నుంచి గడియారం చూసుకుంటే, రెండొందల గజాలు నడిచి ఆ పొదల కాడికి పోయేసరికే సగం పైన టైం అయిపోతది. కాబట్టి "షురూ చేసినప్పటి నుంచి" అన్న ముక్క వాక్యంల ఉండి తీరాలె, అది తీసేసి చిన్నగ రాద్దామంటే కుదరది.

ఇగ "వరకు". మీ సీనియర్ "వెతకాలి" పక్కన "వరకు" పెట్టిండు, అది సాగే క్రియ కాబట్టి అతికింది, "వరకు వెతకొచ్చు" అంటే ఇంకా మంచిగుంటది. కానీ వరకు, దాకా అనేటియి అంకె పక్కకు రాంగనే ఉజ్జాయింపు అయిపోతయి, ఇది చాలామంది పట్టించుకోరు. "పెండ్లికి ఐదొందల మంది దాకా వచ్చిన్రు" అంటే ఎవలూ తలకాయలు లెక్కపెట్టలేదన్నట్టు, "మూడు వేల వరకు అయితది" అంటే మూడు వేల రెండొందలైనా కొట్లాట ఉండది. రూల్ కాయితంల ఆ వదులు పనికిరాదు. ఇంకా ఘోరమైంది, దీన్ని లేదు, కాదు అనే వాక్యంల పెట్టడం. "మూడు నిమిషాల దాకా దొరకకపోతే" అని చాలామంది రాస్తరు. "పదింటి దాకా కరెంటు రాలేదు" అంటే మనకేం అర్థమయితది? పదింటికి వచ్చిందని. అదే "పదింటి లోపట కరెంటు రాలేదు" అంటే వచ్చిందో లేదో తెల్వదు గాని గడువు మాత్రం దాటింది. గోల్ఫ్ రూల్‌కు కావాల్సింది ఈ రెండోది. కాయితం మీద లోపట బదులు "లోపు" అని రాసుకోన్రి. లోపుకు, లోగాకు తేడా ఏందని మళ్ల అడుగుతరేమో, ఈ పనికి తేడా లేదు, "అయ్యేలోగా" లెక్క క్రియ ఎనుక వచ్చేకాడ లోగా వినసొంపుగ ఉంటది, అంతే.

మీరు అడగలేదు గాని, మీ వాక్యంల నాకు అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకున్నది "పోయిన బంతి". మన దిక్కు పోవడం అంటే ముందుగాల వచ్చేది వెళ్లడమే. "బాల్ పోయింది" అని క్యాడీ అరిస్తే ఎటు పోయింది అని అడుగుతరు, కనపడకుండ పోయిందా అని కాదు. "తప్పిపోయిన బంతి" అంటే మేడారం జాతరల మైకుల తప్పిపోయిన పిల్లల పేర్లు చదివినట్టు ఉంటది, అది మనుషులకు, గొడ్లకే బాగుంటది. "పోగొట్టుకున్న" అంటే తప్పు ఆటగాని మీదికి పోతది. అసలు రూల్‌ల ఆ స్థితి కండ్లకు సంబంధించింది కాదు, లెక్కకు సంబంధించింది. నాలుగో నిమిషంల బాల్ చేతికే దొరికినా సరే, దాంతోని ఇగ ఆడొద్దు. అటువైపు, గడువు కాకముందే ఆటగాడు విసుగొచ్చి "పోయింది పో" అన్నా అది పోయినట్టు కాదు, నోటిమాటతోని బాల్ పోదు. కాబట్టి "పోయినట్టు లెక్క" అని రాయున్రి, ఆ "లెక్క" తోనే పని అయిపోతది.

అన్నీ కలిపి నేనైతే ఇట్ల రాస్త: "ఆటగాడు గాని, అతని క్యాడీ గాని వెతకడం మొదలుపెట్టినప్పటి నుంచి మూడు నిమిషాల లోపు బంతి దొరకాలి. దొరకకపోతే అది పోయినట్టు లెక్క." జర పొడుగే, కానీ ఎవలూ తప్పుగ చదవలేరు. మధ్యల అధికారులు ఆట ఆపితే వెతికిన టైం అంత కలిపి చూస్తరు, అందుకని కావాలంటే "మొత్తం మూడు నిమిషాల లోపు" అని ఒక మాట చేర్చున్రి.

"దొరకాలి" కాడ ఒక చిన్న కిరికిరి ఉంది, క్యాడీలు అడిగే ప్రశ్ననే. రెండు నిమిషాల యాభై సెకన్లకు గడ్డిల ఒక బాల్ కనపడ్డది, అది మనదా కాదా చూడాలంటే ఇంకో అర నిమిషం పడతది, మరెట్ల? ఏం కాదు. గడువు బాల్ కనపడడానికే, అది మనదే అని గుర్తుపట్టడానికి ఎంత అవసరమో అంత టైం విడిగ ఇస్తరు, కాకపోతే తాత్సారం చెయ్యొద్దు. ఈ ముక్క కూడ రాస్తే కనపడడం, గుర్తుపట్టడం అని రెండు వేరే క్రియలు వాడున్రి, రెండిటికీ "దొరకడం" అనే రాస్తే మళ్ల మొదటికొస్తది.

దేవులాడుడు తప్పు అని ఎవలన్నరు? వరంగల్, కరీంనగర్ దిక్కు నూటికి నూరుపాళ్లు బతికున్న మాట, లెంకుడు అని కూడ అంటరు. మీ క్యాడీలంతా మన దిక్కోళ్లే అయితే నిస్సందేహంగ "దేవులాడుడు షురూ చేసినప్పటి నుంచి" అని రాయున్రి, వెతకడం కంటే అదే తొందరగ ఎక్కుతది. కానీ హైదరాబాద్ కోర్సంటే శ్రీకాకుళం నుంచి వచ్చిన పిలగాడు కూడ ఉండొచ్చు, వానికి దేవులాడుడు అంటే దేవునితోని ఏం పని అనిపిస్తది. అట్లాంటి కాడ కాయితం మీద వెతకడం ఉంచి, నోటితోని చెప్పేటప్పుడు దేవులాడున్రి అనున్రి.